‘హెక్టిక్’ అను మాట – సాయంకాలపు జ్వరము

తీరిక లేని దినములను ఆంగ్లమున ‘హెక్టిక్’ అందురు. 20వ శతాబ్ది ప్రారంభమున గాని ఈ యర్థము వాడుకలోనికి రాలేదు. అంతకు పూర్వ మిది వైద్యుల మాట. ‘అలవాటైనది’ అను భావము గల గ్రీకు పదమునుండి పుట్టి, క్షయరోగికి దినదినము సాయంకాలమున వచ్చు జ్వరమునకు పేరయ్యెను. ఆ వేళ రోగి చెక్కిళ్లు ఎఱ్ఱబారును, కన్నులు మెఱయును. చూచువారు ఆరోగ్యమనియే భ్రమింతురు! రాత్రి చెమటలు పట్టి జ్వరము దిగును. మరునాడు రోగి యథాప్రకారము పనికి పోవును. ఇది పని ఒత్తిడివలని బడలిక యని సరిపెట్టుకొనువారును కలరు. ప్రమాద మిచ్చటనే యున్నది.

రెండు వారములు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట కనిపించినచో ప్రభుత్వ ఆసుపత్రిలో కఫపరీక్ష చేయించుకొనవలెను. పరీక్షయు మందులును ఉచితము. సాధారణముగా ఆరు నెలలు మందు పుచ్చుకొనవలెను. జ్వరము తగ్గినదని నడుమ మానినచో క్రిమి ఆ మందులకు లొంగకపోవచ్చును.