రేటు ఒకటే, లెక్క ఇంటికొకటి

చిలకలూరిపేట

చి. సుప్రజకు,

నువ్వు పంపిన పట్టిక చూశాను. మూడు ల్యాప్‌టాప్‌లు, ఒక్కోదానికి బోలెడు గళ్లు, ఆఖరి గడిలో బెంచ్‌మార్క్ మార్కుల్ని ధరతో భాగించి రూపాయికి ఎన్ని మార్కులో తేల్చిన అంకె. ఆ గడిలో తొంభై వేలది గెలిచింది కాబట్టి నాన్నను అదే కొనిపెట్టమననా అని రాశావు.

భాగహారంలో తప్పు లేదమ్మా. చిక్కంతా పైన వేసిన మార్కుల్లో ఉంది. గ్రాఫిక్స్ మార్కులు కూడా కలిపేశావు. అవి వీడియో ఆటలాడేవాడి పనికి వేసిన మార్కులు. నీ పని వేరు. రాబోయే రెండేళ్లు నువ్వు రాయబోయేది సీ, పైథాన్, జావా, కాస్త డేటాబేసు. వాటికి ఆ గ్రాఫిక్స్ చిప్పు చేసే సాయం దాదాపు సున్నా. బరువూ, వేడీ, ఇటుకంత ఛార్జరూ మాత్రం హాస్టల్ నుంచి క్లాసుకి రోజూ మోయాల్సింది నువ్వే.

జవాబు ముందే చెప్పేస్తాను, మిగతా ఉత్తరం తీరిగ్గా చదువు. నలభై రెండు వేలది తీసుకో, ఒక్క షరతు మీద. అందులో 8 జీబీ ర్యామ్ ఉందని రాశావు. అది బోర్డుకే అతికించేసి, పెంచుకునే వీలు లేకుండా ఉంటే వద్దు. ఖాళీ స్లాటు ఉంటే కొనుక్కుని షాపులోనే ఇంకో 8 వేయించు. డిస్కు ఎస్‌ఎస్‌డీ అయి తీరాలి. మిగిలిన డబ్బు బ్యాంకులోనే ఉండనీ. మూడో ఏడు నీకేం కావాల్సొస్తుందో ఇప్పుడు నీకూ తెలియదు, నాకూ తెలియదు.

ర్యామ్ మీద అంత పట్టు ఎందుకంటే, 1967లో ఐబీఎంలో పనిచేసే జీన్ ఆమ్‌డాల్ అనే ఇంజినీరు ఒక మాట లెక్క కట్టి చూపించాడు. అది మీ సిలబస్‌లోనూ వస్తుంది, అప్పుడు గ్రీకు అక్షరాలు చూసి కంగారుపడకు, విషయం చిన్నదే. నువ్వొక ప్రాజెక్టు తెరవడానికి 60 సెకన్లు పడుతోందనుకో. అందులో ప్రాసెసర్ కష్టపడేది 15 సెకన్లు. మిగతా 45 సెకన్లు ర్యామ్ చాలక డిస్కు కోసం ఎదురుచూడటం. ఇరవై వేలు ఎక్కువ పోసి రెట్టింపు వేగం ప్రాసెసర్ తెచ్చావు. 15 కాస్తా ఏడున్నర అయింది. మొత్తం 60 నుంచి 52న్నరకి దిగింది, అంతే. అదే, తక్కువ డబ్బుతో ర్యామ్ పెంచి ఆ 45ని 9కి దించావనుకో, మొత్తం 24 సెకన్లు. కోతకి కూలీలు దొరక్క మిరపకాయ చెట్టు మీదే ఎండిపోతుంటే, మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకి తోలే ట్రాక్టరు కొత్తదైతేనేం, పాతదైతేనేం? పని ఎక్కడ ఇరుక్కుందో ముందు చూసుకుని రూపాయి అక్కడ పెట్టాలి. బెంచ్‌మార్క్ అంకె ఆ ఇరుకు ఎక్కడుందో చెప్పదు.

చవకది కొనమన్నాను కదా అని, ఎప్పుడూ కింది మెట్టు మీదున్నదే మేలనుకునేవు. కిందికీ ఒక హద్దుంది. 2011 అక్టోబర్ 5న కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం ఆకాశ్ అనే ట్యాబ్లెట్ విడుదల చేసింది. డేటావిండ్ కంపెనీది, బిగించింది మన హైదరాబాద్‌లోనే. ప్రభుత్వానికి ఒక్కోటి 2,250 రూపాయల ప్రాంతంలో పడింది. ప్రపంచంలోనే చవకైన ట్యాబ్లెట్ అని పేపర్లన్నీ రాశాయి. ప్రాసెసర్ 366 మెగాహెర్ట్జ్, ర్యామ్ 256 ఎంబీ. తెర రెసిస్టివ్ రకం, అంటే వేలు ఆనిస్తే చాలదు, నొక్కి పట్టాలి. నీ పట్టికలో వేసి రూపాయితో భాగిస్తే దానికి మంచి మార్కులే వచ్చేవి. కానీ పేజీ తిప్పడానికే ఆపసోపాలు పడే పలకతో పాఠం చదివే ఓపిక ఏ పిల్లాడికుంటుంది? పనికి అవసరమైన కనీస మట్టం దాటని వస్తువుకి రూపాయి పెట్టినా ఎక్కువే.

దాని తర్వాతి సంగతి ఇంకా గమనించాల్సింది. 2012 నవంబర్‌లో ఆకాశ్ 2 వచ్చింది. ఇంచుమించు అదే ధరకు ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, వేలు తాకితే కదిలే కెపాసిటివ్ తెర. ఏడాది తిరిగేసరికి అదే డబ్బుకి అంత తేడా. ఎలక్ట్రానిక్స్‌లో రేపటి అవసరానికి ఈరోజే కొనిపెట్టుకోవడం అందుకే దండగ. పొలమైతే ముందుగా కొన్నవాడు బాగుపడ్డాడు. ల్యాప్‌టాప్‌కి ఆ లెక్క వర్తించదు.

చవకకీ హద్దుందనడానికి ఇంకో సాక్ష్యం నానో కారు. దాని సంగతి నువ్వు చిన్నప్పుడు విని ఉంటావు. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో లక్ష రూపాయల కారని చూపించారు, మరుసటేడు రోడ్డెక్కింది. 624 సీసీ, రెండు సిలిండర్లు, ఇంజిను వెనక. ఇంజినీరింగ్‌గా చూస్తే ముచ్చటైన పనే. కానీ అన్నిటికన్నా చవక మోడల్‌లో ఏసీ లేదు. మే నెలలో ఒంగోలు నుంచి గుంటూరు దాకా అద్దాలు దించుకుని నలుగురు ప్రయాణం చేసి చూస్తే ఆ లక్షలో ఏం తగ్గించారో తెలుస్తుంది. పైగా చవక కారు అన్న పేరే దానికి చేటు చేసింది. కారు కొనేవాడు నాలుగు చక్రాలతో పాటు వీధిలో కాస్త గౌరవం కూడా కొంటాడు. అది తప్పంటావా? నేననను. 2018కల్లా నానో తయారీ ఆగిపోయింది.

దాని పక్కన మీ నాన్న ఎక్సెల్ మోపెడ్‌ని పెట్టి చూడు. 99.7 సీసీ, నాలుగు గుర్రాల పైచిలుకు బలం. కాలేజీ కుర్రాళ్లు దాన్ని చూసి నవ్వుతారు. ముందు అడుగు భాగం మీద యూరియా బస్తా, వెనక సీటు తీసేస్తే మందు డబ్బాలు, పశువుల మేత. వాన పడ్డ రేగడి దోవలో కూరుకుపోతే ఒక్కడే దిగి లాక్కొస్తాడు. 150 సీసీ బండి అదే బురదలో ఇద్దరు సాయం పడితే గానీ కదలదు. గుర్రాల బలం ఒక్కటే చూసి ర్యాంకులేస్తే ఎక్సెల్‌ది దాదాపు ఆఖరి స్థానం. మన పొలం గట్టు మీద మాత్రం దానికి పోటీ లేదు.

ఒకే వస్తువు లెక్క ఇంటింటికీ ఎలా మారుతుందో చూడటానికి ఇప్పుడు పేపరూ పెన్నూ తీసుకో. కరెంటు తక్కువ తినే ఫ్యాన్లు వస్తున్నాయి చూశావా, బీఎల్‌డీసీ అంటారు. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే ఇవి 30 వాట్ల దగ్గర తిరుగుతాయి. పాతది 1,500, కొత్తది 3,000 అనుకుందాం. తేడా 1,500. పొదుపు 45 వాట్లు. రోజుకి 12 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగితే 162 యూనిట్లు మిగులుతాయి. దాన్ని ఒక సగటు రేటుతో హెచ్చిస్తే చాలనుకుంటారు చాలామంది. అలా కుదరదు. మన రాష్ట్రంలో 2022లో వచ్చిన స్లాబుల్లో 31 నుంచి 75 యూనిట్ల వరకు యూనిట్ 3 రూపాయలు. 226 నుంచి 400 వరకు 8 రూపాయల 75 పైసలు. నువ్వు ఆదా చేసే యూనిట్ ఎప్పుడూ నీ బిల్లులో పైమెట్టు నుంచే తగ్గుతుంది.

ఊళ్లో నాన్నమ్మకి నెలకి 60 యూనిట్లు దాటవు. ఆమెకి ఆ ఫ్యాను ఏడాదికి 486 రూపాయలు మిగులుస్తుంది, పెట్టిన తేడా రాబట్టుకోవడానికి మూడేళ్లు. గుంటూరులో మీ అత్తకి రెండు ఏసీలతో 300 యూనిట్లు. అదే ఫ్యాను ఆమెకి 1,417 రూపాయలు మిగులుస్తుంది, ఏడాదికే డబ్బు తిరిగొచ్చినట్టు. షాపులో రేటు ఒకటే, రెక్కలు అవే. మంచి ఫ్యానా కాదా అని షాపువాణ్ణి అడిగితే వాడికి నాన్నమ్మ బిల్లు తెలుసా, అత్త బిల్లు తెలుసా? ఏసీల మీది చుక్కల లేబుల్‌తోనూ ఇదే జాగ్రత్త. దాని మీద రాసిన ఏడాది యూనిట్లు 1,600 గంటల వాడకానికి కట్టినవి. రాత్రి రెండు గంటలు వేసి ఆపేసే ఇంట్లో మూడు చుక్కలది చాలు.

బిల్లు కట్టేవాడు వేరే ఉంటే ఏమవుతుందో చూడాలంటే బోరు మోటార్ల దగ్గరికి రావాలి. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పినన్నాళ్లూ మోటారు సామర్థ్యం గురించి బోర్డు మీద చాలా రాశాను. ఊళ్లో ఒక్క రైతూ ఆ ప్రశ్న అడగడు. అతను తెలివితక్కువవాడై కాదు. 2004 మేలో వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద పెట్టారు. అప్పటి నుంచి మోటారు ఎంత కరెంటు తిన్నా రైతు జేబుకి తెలియదు, ఖజానాకి తెలుస్తుంది. అతనికి తెలిసేది వేరే: లో-వోల్టేజీలో కాలిపోతుందా, కాలితే చిలకలూరిపేటలో రెండు రోజుల్లో రీవైండింగ్ అవుతుందా, పైరు ఎండుతున్నప్పుడు స్పేర్లు దొరుకుతాయా. ఆ మూడింటికీ మొండి మోటారే నయం. కరెంటు ఆదా చేసే మోటారుకి ఎక్కువ డబ్బు పెట్టమనడానికి అతని ముందు ఏ లెక్కా నిలబడదు. నిలబడాలంటే ఆ ఆదాలో అతనికీ వాటా రావాలి. నువ్వు రేపు ఏ కంపెనీలోనో పనిచేస్తూ, మంచి యంత్రం చేస్తే జనం ఎందుకు కొనడం లేదని తల పట్టుకుంటే, బిల్లు ఎవరిదో ముందు వెతుకు.

కొన్ననాటి పనితీరు చివరిదాకా ఉంటుందని కూడా అనుకోవద్దు. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చినప్పుడు 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయల పైనే అమ్మారు. రేటు మరీ ఎక్కువని 2006 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం గుత్త వ్యాపారాల మీద ఫిర్యాదులు వినే ఎంఆర్‌టీపీసీ అనే కమిషన్‌కి ఫిర్యాదు చేసింది, ఆ సీజనుకి 750కి దిగింది. అంత రేటున్నప్పుడూ మనవాళ్లు ఎందుకు కొన్నారంటే, శనగపచ్చ పురుగుకి కొట్టే మందుల ఖర్చు ముందు ప్యాకెట్ ధర చిన్నది. ఆ విత్తనం కాయని కాపాడినంతకాలం ఆ లెక్క సరిపోయింది. పోనుపోను గులాబీ రంగు పురుగు తట్టుకోవడం నేర్చుకుంది. గింజలో ఉన్న గుణం ఉన్నట్టే ఉంది, ఎదుటిది మారింది. నీ ఫోనూ అంతే. చిప్పు అరిగిపోలేదు, యాప్‌లు బరువెక్కాయి, కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది. అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారన్న గడి నీ పట్టికలో లేదు, చేర్చు.

గ్రాఫిక్స్ చిప్పు ఎప్పుడైనా నిజంగా కావాల్సొస్తే ఏం చెయ్యాలంటావు కదా. అద్దెకి తీసుకో. కంప్యూటర్ల తొలిరోజుల్లో హెర్బర్ట్ గ్రోష్ అనే ఆయన ఒక సూత్రం చెప్పాడు: రెట్టింపు డబ్బు పెడితే నాలుగు రెట్లు శక్తి వస్తుందని. అందుకే అప్పుడు ఒక పెద్ద యంత్రం కొని పదిమందీ గంటల లెక్కన పంచుకునేవాళ్లు. 1971లో మొదటి మైక్రోప్రాసెసర్ వచ్చాక ఆ సూత్రం క్రమంగా తిరగబడింది. ఇప్పుడు పై మోడల్‌కి వెళ్లేకొద్దీ ధర ఎగబాకినంత వేగం ఎగబాకదు. కానీ అప్పుడప్పుడే వాడే ఖరీదైన యంత్రానికి అద్దె పద్ధతి ఇప్పటికీ సరైనదే. కంప్యూటర్‌కైనా, మీ నాన్న మనసు పడ్డ డ్రోన్‌కైనా.

అవును, నాన్న ఆ ముక్క నాకూ ఫోన్‌లో చెప్పాడు. ఎకరా పది నిమిషాల్లో కొట్టేస్తుందట. బ్యాటరీలతో కలిపి ఆరు లక్షలు, ఐదేళ్లు పనిచేస్తుంది అనుకుందాం. ఏడాదికి 1,20,000. మన మిరప ఆరు ఎకరాలు, సీజనుకి పదిహేను కొట్టుళ్లు వేసుకో, మొత్తం 90 ఎకరాల పని. ఎకరాకి 1,333 రూపాయలు పడింది, నడిపేవాడి కూలీ, మధ్యలో మార్చాల్సిన బ్యాటరీలు కాక. అద్దె ఎకరాకి 500 ఉంటే ఏడాదికి 45,000తో సరిపోతుంది. కొన్నది గిట్టాలంటే ఏడాదికి కనీసం 240 ఎకరాల పని దానికి చూపించాలి. పక్క రైతులు నలుగురు కలిస్తే ఆలోచించొచ్చు.

ఆ లెక్క కన్నా నన్ను తొలిచేది వేరే ఉంది. ఎకరా ఎన్ని నిమిషాల్లో అన్నది బెంచ్‌మార్క్ మార్కు లాంటిదే. డ్రోన్ ఎకరాకి పది లీటర్ల నీళ్లతో ముగిస్తుంది. తైవాన్ స్ప్రేయరుతో నూటయాభై, రెండొందల లీటర్లు పడతాయి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు, ప్రకాశం మిరప తోటల్ని ఊడ్చేసినప్పుడు అది దాక్కున్నది పూతలో. పైనుంచి పడే సన్నటి తుంపర పూత లోపలికి, ఆకు అడుగుకి ఎంత చేరుతుందన్నదే అసలు పని. దాన్ని కొలవొచ్చు. నీళ్లు తగిలితే పసుపు నుంచి నీలానికి మారే కాగితాలు దొరుకుతాయి, తెప్పించి ఉంచుతాను. సంక్రాంతి సెలవులకి నువ్వొచ్చేటప్పటికి తోట పూతా కాయతో ఉంటుంది. నాన్న తైవాన్ స్ప్రేయరుతో ఒక పక్క, అద్దె డ్రోన్‌తో ఒక పక్క, రెండిటా ఉత్త నీళ్లే. ఆకు పైన ఒక కాగితం, అడుగున ఒకటి, కొమ్మల మధ్య ఒకటి క్లిప్పులతో పెడదాం. బట్టల క్లిప్పులు చాలు, ఒక డజను హాస్టల్ నుంచి పట్టుకురా.

ఇట్లు,
మీ పెదనాన్న