రాజీకి పిలిచినప్పుడు

 

నీ ఉత్తరం అందింది. రెండు సంగతులు అడిగావు. మొదటిదానికి జవాబు తేలిక. ఎన్నికల్లో నిలబడిన ఆ అభ్యర్థి ఆదివారం ఆరాధనకు వస్తానంటే సంతోషంగా రమ్మను. అందరితోపాటు చాప మీద కూర్చుని వాక్యం వినమను, అతని కోసం ప్రార్థన కూడా చెయ్యి. మైకు మాత్రం ఇవ్వకు. గుడినైనా, మసీదునైనా, చర్చినైనా ఎన్నికల ప్రచారానికి వాడకూడదని ఎన్నికల సంఘం నియమావళిలోనే ఉంది. చర్చి స్లాబుకు సిమెంటు ఇస్తానన్నాడని రాశావు. వద్దని చెప్పు. ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5 వేలు గౌరవ వేతనం ఇచ్చినప్పుడు తీసుకున్నవాళ్లను నేను తప్పుపట్టలేదు, అది జనం సొమ్ము. ఒక మనిషి తన గెలుపు కోసం ఇచ్చే సిమెంటు అలాంటిది కాదు. రేపు అతని మనుషులే మన పేట మీదికి వస్తే నీకు నోరు పెగలదు.

ఇక రెండోది. నీ సంఘంలోని కుర్రాణ్ణి కొట్టిన కేసు వెనక్కి తీయించమని ఊరి పెద్దలు నీ దగ్గరికి వచ్చారన్నావు. వాళ్లు సర్పంచి దగ్గరికి వెళ్లలేదు, ఎస్సై దగ్గరికి వెళ్లలేదు, పాస్టరు దగ్గరికే వచ్చారు. ఎందుకో ఆలోచించావా? క్షమించమని మీ బైబిల్లోనే ఉంది కదా అని వాళ్లు నిన్ను అడిగినప్పుడు, నువ్వు కాదనలేవని వాళ్లకు తెలుసు.

క్షమాపణ పెద్ద మాట, నాన్నా. దాన్ని చిన్నచూపు చూడమని నేను చెప్పను. 1999 జనవరిలో ఒరిస్సాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు పసిపిల్లలను జీపులోనే తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ చంపినవాళ్లను క్షమించానని చెప్పింది. దేశం వదిలి పారిపోకుండా బారిపదలో కుష్ఠురోగుల సేవలో ఇంకా కొన్నేళ్లు ఉండిపోయింది. అయినా కేసు ఆగలేదు. ఆ హత్యల్లో దోషి అయిన దారాసింగ్‌కు పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె తన మనసులో పగ పెట్టుకోలేదు, చట్టం తన పని తాను చేసింది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డురాలేదు. నీ దగ్గరికి వచ్చినవాళ్లు అడుగుతున్నది ఇలాంటి క్షమాపణ కాదు. కొట్టినవాడు ఇంతవరకూ తప్పు ఒప్పుకోలేదు. ఆ కుర్రాడి మంచం దగ్గరికి ఒక్కడూ రాలేదు. వాళ్లకు కావలసింది కాగితం మీద ఆ కుర్రాడి తండ్రి వేలిముద్ర.

పాస్టరుకు రాజకీయాలెందుకని నీ సంఘంలోనే కొందరు గొణుగుతున్నారన్నావు. బైబిల్లో నాబోతు కథ మళ్లీ ఒకసారి చదువు. ద్రాక్షతోట కోసం అతన్ని చంపింది గూండాలు కాదు. రాణి యెజెబెలు ఉత్తరాలు రాస్తే ఊరి పెద్దలే ఉపవాసదినం చాటించి, నాబోతును జనం ముందు కూర్చోబెట్టి, ఇద్దరు దొంగసాక్షులను నిలబెట్టి, పద్ధతి ప్రకారం రాళ్లతో కొట్టించారు. భక్తి ఉంది, పంచాయితీ ఉంది, సాక్ష్యం ఉంది. లేనిది న్యాయం ఒక్కటే. ప్రవక్త ఏలీయా రాజును వెతుక్కుంటూ ఆ తోటలోకే వెళ్లి నిలదీశాడు. అది రాజకీయం అనుకుంటే బైబిల్లో సగం పుటలు చింపుకోవాలి.

మన ప్రాంతం సంగతే చూడు. 1985 జులైలో కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. మాదిగపల్లె తాగే నీళ్లను పైకులంవాళ్లు గేదెల కోసం పాడుచేస్తుంటే పల్లెవాళ్లు వద్దన్నారు. కొట్టబోతే మున్నంగి సువార్త అనే ఆమె చేతిలో బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, 17వ తేదీన, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ రోజు ఆ గేటు తెరిచినవాళ్లు ఏ పార్టీ అని అడగలేదు, తెరిస్తే ఎవరికి కోపం వస్తుందో అని లెక్కలు వేయలేదు. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం ఆ పదవి వదిలేసి వచ్చారు. ఆయన, కత్తి పద్మారావు, ఇంకెందరో కలిసి నిలబెట్టిన దళిత మహాసభ ఆ పోరాటంలోంచే పుట్టింది. సాక్షి దుడ్డు అలీసమ్మను తర్వాత చంపేశారు. సుప్రీంకోర్టులో తీర్పు వచ్చేసరికి 2008 అయింది.

చుండూరు అంతకంటే చేదు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి, శవాలను గోతాల్లో కుక్కి కాలువల్లో పడేశారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకునేదాకా బాధితులు పట్టు వదల్లేదు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అంత జరిగినా చుండూరు పేటవాళ్లు కత్తికి కత్తి అనలేదు. ఇన్నేళ్లూ కోర్టు మెట్లే ఎక్కారు. శాంతి కోరేవాళ్లు ఎలా ఉంటారో చూడాలంటే నేను వాళ్లనే చూపిస్తాను.

నువ్వు భయపడుతున్న సంగతి ఒకటి ఉంది, ఉత్తరంలో సగమే రాశావు. బాప్తిస్మం రిజిస్టరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని, క్రైస్తవులను, చేర్చలేదు. క్రైస్తవంలోకి మారితే ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం రక్షణ లేదని 2025లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా తీర్పు చెప్పింది. అందుకే అవతలివాళ్లు ఆ కుర్రాడి బాప్తిస్మం కాగితం కోసం నీ చుట్టూ తిరుగుతున్నారు. చర్చి గుమ్మం దాటినంత మాత్రాన వాడి వీధి మారిందా, వాణ్ణి పిలిచే తీరు మారిందా? ఆ ఉత్తర్వు అన్యాయమని నేను ఎక్కడైనా చెబుతాను. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మతం షరతు తీసేయమనే చెప్పింది. కానీ అబద్ధం మాత్రం రాయకు. రిజిస్టరు దిద్దకు, పేజీ చింపకు. కోర్టు పిలిస్తే నిజం చెప్పు. ఊళ్లో ఎవరో వచ్చి అడిగితే చూపించాల్సిన పని లేదు, బీరువా తాళం నీ దగ్గరే ఉంచుకో. ఒకవేళ ఆ చట్టం వర్తించకపోయినా తల పగలగొట్టడం నేరమే, దానికి మతం అడ్డురాదు. ఆ మాట ఆ తండ్రికి నువ్వే కూర్చోబెట్టి చెప్పాలి, లేకపోతే అంతా అయిపోయిందనుకుని వేలిముద్ర వేసేస్తాడు.

మన సంఘంలో మాలలు, మాదిగలు ఇంకా వేరువేరు వరసల్లో కూర్చుంటున్నారని విన్నాను. దెబ్బతిన్న కుర్రాడు ఏ వైపువాడో నువ్వు రాయలేదు, నేను అడగను. రెండు వైపులవాళ్లనూ వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లు.

ఇప్పుడు చేయాల్సిన పని. కేసు అట్రాసిటీ చట్టం కింద నడుస్తున్నంత కాలం దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి, కాబట్టి ఆ తండ్రిని తీసుకుని నేరుగా ఆయన్ని కలువు. బాధితులకు, సాక్షులకు ప్రయాణ ఖర్చులు, ఆ రోజు కూలి ఇవ్వాలని ఆ చట్టం కింది 1995 నిబంధనల్లో ఉంది. అడగందే రాదు, అడిగినా ఆలస్యమవుతుంది. కూలి పోతుందని సాక్షి ఒక వాయిదాకు రాకపోతే కేసు అక్కడే నీరుగారుతుంది. అందుకని పంట పండుగ కానుకల్లోంచి కొంత విడిగా తీసి పెట్టు, వాయిదా రోజున బస్సు ఛార్జీ, మధ్యాహ్నం భోజనం సంఘమే చూసుకోవాలి. పెద్దల మీటింగులో పెట్టి తీర్మానం పుస్తకంలో రాయించు. నా వంతు డబ్బు ఈ వారమే పంపుతున్నాను.

ఇట్లు,
మీ పెదనాన్న