డీకను పట్టం – కడబంతివారి కోసం



మన విచారణలలో డీకనుగారిని చూడనివారు అరుదు. గురువిద్యాలయంలో చదువు ముగించుకుని, గురుపట్టానికి ముందు కొన్ని నెలలు విచారణలో ఉంటారు. దివ్యపూజలో సువిశేషం చదువుతారు, ప్రసంగం చెబుతారు, పసిబిడ్డలకు జ్ఞానస్నానం ఇస్తారు. కొన్నాళ్లకు ఆయనే గురువుగా అభిషిక్తులవుతారు. అందుచేత డీకను అంటే ఇంకా పూర్తికాని గురువు అనే అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. శ్రీసభ చట్టం మాత్రం అలా చెప్పడం లేదు. 1964 నుంచి ఈ పట్టానికి సంబంధించిన నియమాలు పలుమార్లు మారాయి. ఆ మార్పులేమిటో, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో ఉన్న మనకు వాటితో పనేమిటో ఈ వారం పాఠంలో తెలుసుకుందాం.

1. పంక్తిలో పుట్టిన తగువు

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం తీసి చదవండి. యెరూషలేము సంఘంలో ప్రతిదినమూ పేదలకు సహాయం పంచేవారు. ఆ పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు సరిగా అందడం లేదని సణుగుడు పుట్టింది. స్థానిక భాష మాట్లాడేవారికి అందుతున్నది, వేరే భాషవారికి అందడం లేదు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదు" అని మనవాళ్లు అంటారు. ఆ విధవరాండ్రకు వడ్డించేచోట తమవాడంటూ ఎవరూ లేరు.

అపొస్తలులు ఆ ఫిర్యాదును తోసిపుచ్చలేదు. మంచి పేరున్న ఏడుగురిని మీలోనుంచి ఎన్నుకోండని సంఘానికే చెప్పారు. సంఘం ఎన్నుకున్నది, అపొస్తలులు ప్రార్థించి చేతులుంచారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే కావడం గమనించదగినది. ఆ అధ్యాయం వారిని డీకన్లు అని పిలవకపోయినా, ఈ పట్టానికి మొదలు అక్కడే ఉన్నదని శ్రీసభ సంప్రదాయం భావిస్తూ వచ్చింది. డీకను అనే మాటకు గ్రీకులో సేవకుడు, పరిచారకుడు అని అర్థం. తిమోతికి రాసిన మొదటి లేఖ మూడవ అధ్యాయంలో డీకనుకు ఉండవలసిన గుణాలు చెప్పబడ్డాయి. ధనాశ లేనివాడై ఉండాలి, ఇంటిని చక్కగా నడుపుకునేవాడై ఉండాలి. పంచిపెట్టే చేతికి ఈ రెండు గుణాలూ ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

క్రీ.శ. 258లో రోము నగరంలో వేదసాక్షిగా మరణించిన పునీత లారెన్సుగారు డీకనే. శ్రీసభ సంపద అంతా అప్పగించమని అధికారి ఆజ్ఞాపిస్తే, ఆయన పేదలను తీసుకువచ్చి చూపించారని సంప్రదాయం.

2. మరుగునపడి మళ్లీ లేచిన పట్టం

కాలక్రమంలో లత్తీను శ్రీసభలో ఈ పట్టం గురుపట్టానికి ఎక్కే మెట్టుగా మాత్రమే మిగిలిపోయింది. 1563లో త్రెంతు మహాసభ దీని పూర్వపు సేవలను పునరుద్ధరించాలని కోరింది గాని, అది ఆచరణలోకి రాలేదు. నాలుగు వందల సంవత్సరాల తరువాత రెండవ వాటికన్ మహాసభ ఆ పని చేపట్టింది. 1964 నవంబరు 21న వెలువడిన శ్రీసభ ప్రకటన 29వ భాగంలో, డీకను పట్టాన్ని జీవితాంతం నిలిచే ప్రత్యేక పట్టంగా మళ్లీ నెలకొల్పవచ్చునని నిర్ణయించింది. ఎక్కడ అవసరమో తేల్చుకునే బాధ్యతను ఆయా దేశాల పీఠాధిపతుల సమాఖ్యలకు, పోపుగారి ఆమోదానికి లోబడి, అప్పగించింది. వివాహితులకు కూడా ఈ పట్టం ఇవ్వవచ్చునన్నది.

1967 జూన్ 18న ఆరవ పౌలు పోపుగారు దీనికి నియమావళి ఇచ్చారు. 1972 ఆగస్టు 15న ఆయనే చిన్న పట్టాలను రద్దుచేసి, డీకను పట్టంతోనే ఒక వ్యక్తి గురువర్గంలో చేరతాడని నిర్ణయించారు. 1983 నవంబరు 27 నుంచి అమలులోకి వచ్చిన కొత్త శ్రీసభ చట్టం ఈ నియమాలను ఒక్కచోటికి తెచ్చింది.

3. డీకను ఏమి చేయగలడు, ఏమి చేయలేడు?

డీకను జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. సువిశేషం చదివి ప్రసంగం చెప్పవచ్చు. దివ్యసత్ప్రసాదం పంచవచ్చు, ఆరాధనలో దానితో ఆశీర్వదించవచ్చు. తగిన అధికారం పొంది వివాహాలు జరిపించవచ్చు. సమాధి కార్యక్రమాలు నడిపించవచ్చు.

దివ్యపూజ అర్పించడం, పాపసంకీర్తనం వినడం, వ్యాధిగ్రస్తులకు అభ్యంగనం ఇవ్వడం మాత్రం డీకను చేయలేడు. ఇవి గురువులకు, పీఠాధిపతులకు మాత్రమే చెందినవి. కాబట్టి "గురువులు నెలకు ఒకసారే వస్తున్నారు, డీకను ఉంటే ప్రతి ఆదివారం పూజ ఉంటుంది" అని ఎవరైనా ఆశపడితే అది నెరవేరని ఆశ.

4. 2009లో జరిగిన మార్పు

1983 చట్టంలోని 1008వ కానను, పట్టం పొందినవారందరూ శిరస్సయిన క్రీస్తు స్థానంలో నిలిచి బోధించడం, పవిత్రపరచడం, పాలించడం చేస్తారని చెప్పేది. ఆ వాక్యం పీఠాధిపతులను, గురువులను, డీకన్లను ఒకే గాటన కట్టింది. దీనివల్ల డీకను కూడా ఒక విధమైన గురువే కదా అన్న సందేహం కలిగేది.

2009 అక్టోబరు 26న పదహారవ బెనెడిక్టు పోపుగారు ఈ కాననును సవరించి, 1009వ కాననుకు మూడవ భాగం చేర్చారు. దాని సారాంశం ఇది: క్రీస్తు శిరస్సు స్థానంలో వ్యవహరించే బాధ్యత, శక్తి పీఠాధిపతులకు, గురువులకు లభిస్తాయి. ఆరాధనలోను, వాక్యబోధలోను, ప్రేమసేవలోను దైవప్రజలకు పరిచర్య చేసే శక్తి డీకన్లకు లభిస్తుంది.

పైకి చూస్తే డీకను స్థాయి తగ్గినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ సవరణ డీకనుకు తనదైన స్థానాన్ని తిరిగి ఇచ్చింది. గురువుతో పోల్చి కొలిస్తే డీకను ఎప్పుడూ లోటుగానే కనిపిస్తాడు. యెరూషలేములో ఆ విధవరాండ్ర పక్కన నిలబెట్టి చూస్తే, అతడు ఎందుకు అవసరమో తెలుస్తుంది.

5. ఇంటివారు తెలుసుకోవలసిన నియమాలు

శాశ్వత డీకనుగా వివాహితునికి పట్టం ఇవ్వాలంటే అతనికి కనీసం 35 సంవత్సరాలు నిండాలి, అవివాహితునికి 25. మూడు సంవత్సరాల శిక్షణ ఉండాలి. వివాహితుని విషయంలో భార్య సమ్మతి తప్పనిసరి. ఇది మర్యాదకు అడిగే మాట కాదు. ఆమె సమ్మతించకపోతే చట్టప్రకారం పట్టం ఇవ్వడానికి వీలులేదు. పట్టం పొందిన తరువాత భార్య మరణిస్తే, పోపుగారి ప్రత్యేక అనుమతి లేనిదే మళ్లీ వివాహం చేసుకోరాదు. అవివాహితునిగా పట్టం పొందినవాడు అవివాహితునిగానే ఉండాలి.

జీవనాధారం సంగతి కూడా చట్టం చెప్పింది. పూర్తికాలం శ్రీసభ సేవలో ఉన్న వివాహిత డీకనుకు అతని కుటుంబం కూడా బతకగలిగేంత భృతి ఇవ్వాలి. ఉద్యోగమో వృత్తో ఉన్నవాడు ఆ సంపాదనతోనే ఇల్లు నడుపుకోవాలి. ఉపాధ్యాయుడు, గుమాస్తా, రైతు తన పని చేసుకుంటూనే డీకనుగా సేవ చేయవచ్చునన్నమాట.

6. మరి మన ఉపదేశి సంగతేమిటి?

అనెసీ పట్టణం నుంచి పునీత ఫ్రాన్సిస్ సలేసువారి సభకు చెందిన గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. విశాఖ మేత్రాసనం నుంచి 1993 జులై 1న శ్రీకాకుళం మేత్రాసనం ఏర్పడింది. తెలుగు నేలమీద ఎక్కడ చూసినా పల్లెలో విశ్వాసాన్ని నిలిపిన చేతులలో ఉపదేశి చేతులు ముందుంటాయి. పిల్లలకు జపాలు నేర్పినది ఆయనే. గురువులు రాని ఆదివారం ప్రార్థన నడిపించినది ఆయనే. అర్ధరాత్రి చావు కబురు వస్తే మొదట తలుపు తట్టేది ఆయన ఇంటినే.

చట్టంలో ఉపదేశికి ఉన్న చోటు చిన్నది కాదు. 785వ కానను వేదవ్యాపక ప్రాంతాలలో ఉపదేశుల సేవను ప్రత్యేకంగా గుర్తించింది. గురువు, డీకను అందుబాటులో లేనప్పుడు పీఠాధిపతి నియమించిన ఉపదేశి జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. 2021 మే 10న ఫ్రాన్సిస్ పోపుగారు ఉపదేశి సేవను శ్రీసభలో నియుక్త పరిచర్యగా నెలకొల్పారు. అది గృహస్థుల పరిచర్య. స్త్రీలూ పురుషులూ స్వీకరించవచ్చు. అదే సంవత్సరం జనవరి 10న పాఠకుల, పీఠసేవకుల పరిచర్యలను కూడా స్త్రీలకు తెరుస్తూ 230వ కాననును సవరించారు.

కాబట్టి మంచి ఉపదేశిని డీకనుగా "పై తరగతికి పంపాలి" అనుకోవడం సరికాదు. ఉపదేశి గృహస్థుడుగానే సంపూర్ణమైన సేవకుడు. వారిలో ఒకరికి డీకను పిలుపు ఉంటే ఉండవచ్చు. కాని ఆ పట్టం దీర్ఘకాల సేవకు ఇచ్చే బహుమతి కారాదు.

7. మన కడబంతి ఎక్కడ?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. మన ప్రాంతంలో పంక్తి చివర కూర్చున్నవారు ఎవరు?

ఉద్దానంలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల ఇళ్లలో మూత్రపిండాల వ్యాధి ఎంత పీడిస్తున్నదో మీకు తెలుసు. డయాలసిస్ కోసం తిరిగే మనిషికి మందుతోపాటు తోడు కావాలి, కాగితాలు రాసిపెట్టే చేయి కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. అటువంటి వేళ సహాయం ఎవరికి ముందు, ఎవరికి వెనుక అన్న తగువు పుట్టడం సహజం. మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకు వెళ్తారు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు 2020 జనవరిలో గాని తిరిగి రాలేదు. ఆ పద్నాలుగు నెలలు వారి భార్యాపిల్లలు ఎలా గడిపారో ఊహించుకోండి.

2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండలలో సవరలు, జాతాపులు ఉన్నారు. సవర భాషలో మాత్రమే గోడు చెప్పుకోగలిగిన ముసలమ్మకు తెలుగు కాగితం చేతిలో పెడితే, యెరూషలేము విధవరాలి కథ మన గడపలో మళ్లీ జరిగినట్టే.

చట్టం డీకను భుజాన పెట్టిన ప్రేమసేవకు మన దగ్గర చోటు ఇక్కడ ఉన్నది. పీఠం వద్ద నిలబడే మనిషే ఈ ఇళ్ల గడప కూడా తొక్కాలి. ఈ రెండూ ఒకే మనిషిలో కలవడమే ఈ పట్టానికి ప్రత్యేకత.

8. అభ్యంతరాలు

"మనకు గురువిద్యార్థులు ఉన్నారు, ఉపదేశులు ఉన్నారు, మఠకన్యలు ఉన్నారు. ఇంకొక పట్టం దేనికి?" అని అడిగేవారున్నారు. ఇది తోసివేయదగిన మాట కాదు. పట్టం లేకుండానే మఠకన్యలు, మాతృసంఘాల స్త్రీలు ఎన్నో రోగుల మంచాల పక్కన కూర్చుంటున్నారు. బొంబాయి అగ్రమేత్రాసనంలో వివాహిత డీకన్లు ఉన్నారు. మన తెలుగు మేత్రాసనాలలో డీకను పట్టం ఇప్పటికీ దాదాపు గురుపట్టానికి మెట్టుగానే ఉన్నది. మహాసభ కూడా అన్నిచోట్లా నెలకొల్పి తీరాలని చెప్పలేదు, అవసరం చూసి నిర్ణయించుకోమన్నది. ఒకటి మాత్రం నిజం. పెత్తనం కోసం పాకులాడేవారికి తెల్ల అంగీ ఇస్తే, ఊళ్లో మరొక పెద్ద తయారవుతాడు గాని పరిచారకుడు తయారుకాడు.

స్త్రీల విషయం కూడా చాలామంది అడుగుతున్నారు. రోమీయులకు రాసిన లేఖ పదహారవ అధ్యాయంలో కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫేబీని పౌలుగారు పేర్కొన్నారు. దీనిని అధ్యయనం చేయడానికి ఫ్రాన్సిస్ పోపుగారు 2016లోను, 2020లోను సంఘాలను నియమించారు. 2024 అక్టోబరులో ముగిసిన సినడు ఈ ప్రశ్నను తెరిచే ఉంచింది. 2025 డిసెంబరులో వెలువడిన రెండవ సంఘం నివేదిక, పట్టంలో ఒక అంతస్తుగా స్త్రీలకు దీనిని ఇవ్వడానికి అనుకూలంగా లేదు. అయితే అది తుది తీర్పు కాదని కూడా ఆ నివేదికే చెప్పింది. ప్రస్తుత చట్టం ప్రకారం జ్ఞానస్నానం పొందిన పురుషునికే పట్టం.

నియమాలు మార్చడం పీఠాధిపతుల, పోపుగారి పని. ఎవరికి అందలేదో చూసి చెప్పడం మన పని. యెరూషలేములో కూడా మొదట ఆ సణుగుడు వినిపించింది, ఆ తరువాతే చేతులుంచడం జరిగింది. మన ఊరి కడబంతివారిని మనమే గుర్తించకపోతే, ఎన్ని కాననులు సవరించినా వారి విస్తరి ఖాళీగానే ఉంటుంది.

మీ చిన్న క్రైస్తవ సమాజంలో చర్చించండి:

1. మన ఊళ్లో సహాయం పంచినప్పుడు తరచుగా మిగిలిపోయే ఇళ్లు ఏవి? ఎందువల్ల?
2. మన ఉపదేశిగారికి ఏ పనిలో మన తోడు అవసరం?
3. మనలో ఎవరికీ తెలియకుండా సేవ చేస్తున్నవారు ఎవరు? వారి మాటను విచారణ సభలో వింటున్నామా?