‘మీ కోడలి ఆరోగ్యం జాగ్రత్త’

నాయనా, నువ్వు సరిహద్దులో ఉన్నావు. ఇక్కడ నీ భార్యకు అయిదో నెల. ఇంట్లో ప్రతి ఒక్కరూ నీకు ఫోనులో ధైర్యం చెబుతున్నారు. ధైర్యం సంగతి సైన్యం చూసుకుంటుంది. నేను చెప్పదలచింది వేరే. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధంలో నేను సాపర్‌గా, అంటే మందుపాతరలు వెతికి తీసే సైనికుడిగా, పడమటి సరిహద్దులో షకర్‌గఢ్ వైపు ఉన్నప్పుడు మీ జేజి నిండు చూలాలు. ఆమె మీద నాకు ప్రేమ తక్కువై కాదు, దాన్ని ఆమె దాకా చేర్చడం తెలియక చాలా తప్పులు చేశాను. అవి నువ్వు చేయకూడదని ఇవన్నీ రాస్తున్నాను.

1. తండ్రికి రాసే ఉత్తరంలోనూ భార్యకు చోటుండాలి.

మా రోజుల్లో ఆళ్లగడ్డ చుట్టుపక్కల కొడుకు ఉత్తరం రాస్తే తండ్రి పేరునే రాయాలి. భార్య పేరున కవరు వచ్చిందంటే ఊరంతా చెప్పుకుని నవ్వేవాళ్లు. మీ జేజి నంద్యాల బడిలో అయిదో తరగతి దాకా చదువుకుంది. ఉత్తరం కూడబలుక్కోకుండా చదవగలదు. అయినా యుద్ధమంతా గడిచిపోయింది గానీ ఆమె పేరున ఒక్క ముక్క రాయలేదు. అంతా మా నాయనకే. వానలు, ఎద్దులు, జొన్న పైరు, తీర్చాల్సిన అప్పు, అన్నీ వరసగా అడిగి, చివర చోటు మిగిలితే ‘మీ కోడలి ఆరోగ్యం జాగ్రత్త’ అని రాసేవాణ్ని. నాయన దాన్ని అరుగు మీద కూర్చుని నలుగురికీ వినబడేలా చదివేవాడు. పుట్టింటికి పోయేదాకా ఆమె తలుపు చాటున నిలబడి వినేది. తన వంతు వచ్చేసరికి ఉత్తరం అయిపోయేది.

తండ్రికి ఉత్తరం ఎలా రాయవచ్చో నాకు చాలా ఏళ్లకు తెలిసింది. 1999లో కార్గిల్ యుద్ధం జరుగుతుండగా మేజర్ పద్మపాణి ఆచార్య వీరమరణం పొందాడు. వాళ్ల కుటుంబం హైదరాబాద్‌లో ఉండేది. ఆయన ఉస్మానియాలో చదివి సైన్యంలో చేరాడు. రెండో రాజ్‌పుతానా రైఫిల్స్‌లో కంపెనీ కమాండర్. జూన్ 19న యుద్ధభూమి నుంచి తండ్రికి రాసిన ఉత్తరం తర్వాత పేపర్లలో వచ్చింది. అప్పటికి ఆయన భార్య చారులత గర్భవతి. ఆయన కూడా నాలాగే తండ్రికే రాశాడు. కానీ అందులో తండ్రికి ఒక పని అప్పగించాడు. చారుకు రోజుకొక కథ మహాభారతంలోంచి చెప్పమన్నాడు, పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు అబ్బాలని. తొమ్మిది రోజులకు, 28న, ద్రాస్ కొండల మీద శత్రువు స్థావరాన్ని పట్టే పోరులో ప్రాణం వదిలాడు. మహావీర చక్ర ఇచ్చారు. ఆయన పోయిన తర్వాత పుట్టిన కూతురికి అపరాజిత అని పేరు పెట్టారు.

ఆ పేపరు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. పెద్దరికం, మర్యాద ఏదీ దాటకుండానే, తండ్రికి రాసిన ఉత్తరంలోనే ఆయన భార్యకు ప్రతి రోజూ కాస్త పొద్దు రాసిచ్చాడు. ఎవరు ఏం చేయాలో, ఎందుకు చేయాలో చెప్పాడు. నేను ‘జాగ్రత్త’ అని ఊరుకున్నాను. ఆ ఊహ నాకు రాకపోవడానికి కారణం కూడా లేదు. అహోబిలం మన గడప ముందే ఉంది. లీలావతి కడుపులో ఉండగానే నారదుడి మాటలు విన్న ప్రహ్లాదుడి కథ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వింటున్నవాణ్ని. ఆ డిసెంబరులో మీ జేజి తండ్రి రోజూ దీపాలు పెట్టే వేళ పోతన భాగవతం సప్తమ స్కంధం తీసి ఆమెకు చదివి వినిపించాడని ఎన్నో ఏళ్ల తర్వాత తెలిసింది. నేను అడగవలసిన పని ఆయన అడక్కుండానే చేశాడు. దానికి ఆయనకు దండం పెట్టే వేళకు ఆయన లేడు.

‘ఎల్ఓసీ కార్గిల్’ సినిమాలో ఆచార్య పాత్ర నాగార్జున వేశాడు కాబట్టి మన పిల్లలకు ఆ పేరు కొంత తెలుసు. పోరాటం గుర్తుంటుంది. నువ్వు ఆ ఉత్తరం కూడా గుర్తుపెట్టుకో.

2. ఆమె ఎక్కడుంటే నీ ఉత్తరం అక్కడికి పోవాలి.

తొలికాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. కార్తీకంలో మీ జేజిని నంద్యాల తీసుకుపోయారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆళ్లగడ్డకే రాస్తూ పోయాను. అత్తగారింటి చిరునామాకు రాయడం నామోషీ అనుకున్నాను. ఆళ్లగడ్డకూ నంద్యాలకూ మధ్య ఉన్నది నలభై కిలోమీటర్లు. మా నాయన ఉత్తరం చదివి, మేకుకు వేలాడే కమ్మికి గుచ్చేవాడు. ఎవరైనా పని మీద నంద్యాల పోతే ‘మీ ఆయన బాగున్నాడంట’ అని చెప్పి వచ్చేవాళ్లు. ఉత్తరం కమ్మికే ఉండిపోయేది.

అక్కడ ఆమె పరిస్థితి ఆలోచించు. డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. రేడియోలో ఛంబ్ అంటున్నారు, షకర్‌గఢ్ అంటున్నారు, ఫాజిల్కా, లోంగేవాలా అంటున్నారు. నేనున్న చోటు పేరు ఉత్తరంలో రాయకూడదు, అది కట్టడి. నా చిరునామా అంటే నంబరు, యూనిట్, 56 ఏపీఓ అనే సైనిక తపాలా ఆఫీసు, అంతే. కాబట్టి రేడియోలో ఏ ఊరి పేరు వచ్చినా ఆమెకు అది నేనున్న ఊరే. విశాఖపట్నం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందన్న వార్త వచ్చాక నంద్యాలలో ఆడవాళ్లు యుద్ధం మన సముద్రం దాకా వచ్చిందని కంగారుపడ్డారట. అప్పటికి నేను పొగమంచులో, చెరకు తోటల మధ్య, ఇనుప చువ్వతో నేల పొడుస్తూ మందుపాతరలు వెతుకుతున్నాను. బతికే ఉన్నాను. ఆ సంగతి ఆళ్లగడ్డ కమ్మికి తెలుసు, ఆమెకు తెలియదు.

3. మంచి కబురైనా ఎలా చేరుతుందో ఆలోచించి పంపాలి.

డిసెంబరు 17 రాత్రి ఎనిమిదింటికి పడమటి సరిహద్దులో కాల్పులు ఆగాయి. మర్నాడు తోటివాడొకడు పని మీద పఠాన్‌కోట్ పోతుంటే డబ్బులిచ్చి, నేను క్షేమమని టెలిగ్రాం కొట్టమన్నాను. అప్పటికి గానీ నాకు బుద్ధి వచ్చి నంద్యాల చిరునామా ఇచ్చాను. మంచి పని చేశాననుకున్నాను. ఆ కాలంలో టెలిగ్రాం అంటే ఏమిటో నీకు తెలియదు. అందులో వచ్చేది చావు కబురే. సైనికుడి ఇంటికి, యుద్ధం అయిన మూడు రోజులకు, ఖాకీ బట్టల మనిషి సైకిల్ దిగి టెలిగ్రాం అన్నాడంటే ఇంకేముంటుంది? కాగితం విప్పకముందే ఆమె వాకిట్లో కూలబడిపోయింది. ఎనిమిది నెలలు నిండిన మనిషి. వీధిలో ఇంగ్లీషు వచ్చినవాణ్ని వెతికి పిలుచుకొచ్చి చదివించేదాకా ఆ ఇంట్లో ఏడుపే. ఆ వారమంతా నొప్పులు వస్తాయేమోనని మంత్రసానిని ఇంట్లోనే పెట్టుకున్నారు.

మీ అత్తమ్మకో, ఇంట్లో నిబ్బరమున్న ఇంకెవరికో ముందు చెప్పి ఉంచు, ఫలానా రోజున ఫలానా విధంగా కబురు వస్తుందని. వేళ కాని వేళ ఫోన్ మోగితే ఈ రోజుల్లోనూ గుండె అలాగే కొట్టుకుంటుంది.

4. ఇంటికి వచ్చాక ముందు అడుగు, తర్వాత చెప్పు.

సంక్రాంతి వెళ్లాక, అహోబిలం స్వామి పారువేట పల్లకి ఊళ్ల మీద తిరుగుతున్న రోజుల్లో, నంద్యాలలో మీ నాయన పుట్టాడు. యుద్ధం ఆగినా సాపర్ల పని ఆగలేదు. రెండు వైపులా పాతిన మందుపాతరలు తీయాలి. 1972 జులైలో సిమ్లా ఒప్పందం అయ్యాక, పట్టుకున్న నేలను అప్పగించి మన దళాలు వెనక్కి రావడం ఆ ఏడాది డిసెంబరుకు గానీ పూర్తి కాలేదు. మధ్యలో సెలవు దొరికి నేను వచ్చేసరికి మీ నాయన బోర్లా పడి పాకుతున్నాడు.

సెలవంతా అరుగు మీదే గడిపాను. ఊళ్లోవాళ్లు వచ్చి అడగడం, నేను చెప్పడం. ట్యాంకులు ఎలా ఉంటాయి, మందుపాతర ఎలా పేలుతుంది. మీ జేజి లోపలినుంచి కాఫీలు పంపేది. కాన్పు ఎలా జరిగిందని నేను అడగలేదు. బిడ్డ ఎదురుగా ఆడుకుంటున్నాడు కదా, ఇంకేం అడగాలి అనుకున్నాను. రెండు రాత్రులు నొప్పులు పడిందనీ, రక్తం ఎక్కువ పోయి ఆశ వదులుకున్నారనీ, తెల్లవారుజామున స్పృహ వచ్చాక నా ఉత్తరం వచ్చిందా అని అడిగిందనీ మా అత్త చెప్పింది. అప్పటికి మీ నాయన హైస్కూలుకు పోతున్నాడు. ఎందుకు చెప్పలేదని మీ జేజిని అడిగితే, ‘నువ్వు అడగలేదు కదా’ అంది.

మన సీమ పొలిమేరల్లో వీరగల్లులు చూశావు. కత్తి పట్టినవాడు రాయి మీద ఉంటాడు. అతని భార్య మంటల్లో దిగితే ఆమెకూ ఒక రాయి వేశారు. బతికి, బిడ్డను కని, పెంచినదానికి ఏ రాయీ లేదు. నాకు ఇది అన్యాయమనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఆ రాళ్ల పక్కనుంచి పోతున్నప్పుడు మరీ అనిపిస్తుంది.

5. ప్రేమను రికార్డుల్లోకి కూడా ఎక్కించాలి.

ఇది చిన్న విషయంలా కనబడుతుంది. నాతో పనిచేసినవాడొకడు పెళ్లి సంగతి సైన్యం రికార్డులకెక్కే పార్ట్ టూ ఆర్డర్‌లో వేయించలేదు, తర్వాత చూద్దామనుకున్నాడు. అతను పోయాక కడుపుతో ఉన్న ఆ పిల్ల తాను అతని భార్యనని నిరూపించుకోవడానికి సర్పంచి దగ్గర నుంచి మొదలుపెట్టి ఎన్ని గడపలు ఎక్కిందో. పెళ్లి నమోదైందా, నామినేషన్‌లో ఆమె పేరుందా, బ్యాంకు ఖాతా ఇద్దరి పేరునా ఉందా, ఈ వారమే చూసుకో. బిడ్డ పుట్టగానే ఆ పేరూ ఎక్కించు. ఇవి అడగడానికి ఆమెకు నోరు రాదు. అడిగితే చెడు కోరినట్టవుతుందని ఆడవాళ్ల భయం. నీ అంతట నువ్వే చేయాలి.

6. ఫోన్ ఉందని ఉత్తరం మానేయవద్దు.

వీడియో కాల్ మంచిదే. మొహం కనబడుతుంది. కానీ పై పోస్టుల్లో సిగ్నల్ ఉండదు, ఉన్నా వాడనివ్వని రోజులుంటాయి. అలాంటి రోజుల్లో ఆమె మళ్లీ మళ్లీ తీసి చదువుకోవడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఆమె పేరు పెట్టి రాయి. ఇప్పుడెవరూ నవ్వరు, నవ్వితే నేను చూసుకుంటాను. కడుపులో బిడ్డ కదులుతోందా, రాత్రిళ్లు నిద్ర పడుతోందా, ఎవరైనా మాటతో నొప్పించారా అని అడుగు. నీకు భయమేస్తే భయమేసిందని రాయి. నేను ఒక్కసారీ రాయలేదు. భయమంతా తనకే అనుకుని మీ జేజి సిగ్గుపడిందట.

వచ్చే నెల నీ భార్యను కోవెలకుంట్లకు, పుట్టింటికి పంపుతున్నారు. చిరునామా మీ అమ్మనడిగి రాసుకో. పొరపాటున ఇక్కడికి ఉత్తరం వచ్చిందనుకో, కమ్మికి గుచ్చను. మోకాళ్లు నొప్పులున్నా బస్సెక్కగలను, పొద్దున బండికే బయలుదేరి ఆమె చేతిలో పెట్టి వస్తాను. సాయంత్రాలు ఆమెకు ఎవరు ఏం చదివి వినిపించాలో కూడా అందులో రాయి.