తొలి వసంతంలో వేడందాంగల్ - చెరువు కట్ట మీద ఒక పక్షుల పాఠం



పక్షుల ముక్కుల గురించి మీ పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మ ఉంటుంది. అయిదారు ముక్కులు వరుసగా గీసి, ఏది దేనికి పనికి వస్తుందో కింద రాసి ఉంటారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. నేను జీవశాస్త్ర ఉపాధ్యాయుడిగా ఆ బొమ్మను చాలా సంవత్సరాలు నల్లబల్ల మీద గీశాను. అదే పాఠాన్ని చెరువు కట్ట మీద ఒక్క ఉదయం చూసిన పిల్లలు మాత్రం ఎన్నేళ్ళయినా మరిచిపోరు. అందుకే ఏటా తమిళనాడులో మాసి నెల వచ్చేసరికి, అంటే మనకు మాఘం ముగిసి ఫాల్గుణం మొదలయ్యే రోజుల్లో, కొందరు పిల్లలను వెంటబెట్టుకుని వేడందాంగల్ వెళ్తుంటాను. అక్కడ ఏం చూడాలో, ఎలా చూడాలో ఈ వ్యాసంలో చెబుతాను.

ఎక్కడ? ఎప్పుడు?

వేడందాంగల్ చెన్నైకి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, చెంగల్పట్టు జిల్లా మధురాంతకం ప్రాంతంలో ఉంది. పక్షుల ఆశ్రయం అనగానే పెద్ద అడవిని ఊహించుకోకండి. ఇది సుమారు 30 హెక్టార్ల ఊరి చెరువు. చుట్టూ వరి పొలాలు. నీళ్ళ మధ్యలో తమిళులు నీర్‌కడంబు అనే చెట్లూ, తుమ్మ చెట్లూ నిలబడి ఉంటాయి. అక్టోబరు నుండి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య ఋతుపవనాలతో చెరువు నిండుతుంది. నీళ్ళు చెట్ల మొదళ్ళను కమ్మేస్తాయి కనుక నేల మీద తిరిగే పిల్లులు, నక్కలు గూళ్ళ దగ్గరకు సులువుగా చేరలేవు. చుట్టుపక్కల పొలాల్లో చేపలు, కప్పలు, నత్తలు పుష్కలం. పక్షులు గూళ్ళు కట్టడానికి ఈ రెండు కారణాలు చాలు. వానలు సరిగా పడని ఏడు పక్షులూ తగ్గిపోతాయి.

వసంతం రాగానే పక్షులు గూళ్ళు కడతాయని ఇంగ్లీషు పాఠాల్లో చదువుకుంటాం. అది చలి దేశాల లెక్క. ఇక్కడి నీటి పక్షులకు వాన లెక్క. ఫిబ్రవరి నెలాఖరుకు చాలా గూళ్ళలో పిల్లలు ఎదిగి, కొమ్మల మీద రెక్కలు విదిలిస్తూ ఉంటాయి. తల్లి పక్షి, పిల్ల పక్షి ఒకే కొమ్మ మీద కనిపిస్తాయి కనుక పోల్చి చూడడానికి ఇంతకంటె మంచి సమయం లేదు.

ఊరు కాపాడిన చెరువు

చట్టాలు రాకముందే ఈ పక్షులను కాపాడినవారు ఈ ఊరి రైతులు. ఇంగ్లీషు సిపాయిలు సరదాకు పక్షులను కాల్చుతుంటే ఊరివారు అప్పటి కలెక్టరు లియోనెల్ ప్లేస్‌కు ఫిర్యాదు చేసి, 1798లో ఇక్కడి పక్షులను ఎవరూ చంపకూడదని కౌలు పత్రం తెచ్చుకున్నారు. ఊరి పేరు చూస్తే మరీ చిత్రం. తమిళంలో వేడన్ అంటే వేటగాడు!

రైతులు ఇంత పట్టుదల చూపడానికి కారణం సైన్సే. పక్షుల రెట్టలో నత్రజని, భాస్వరం ఉంటాయి. అది చెరువులో పడి, ఆ నీరు పొలానికి పారితే పైరుకు ఎరువవుతుంది. పక్షి చెరువుకు ఇస్తుంది, చెరువు పొలానికి ఇస్తుంది. ఈ లెక్క తెలిసిన ఊరు పక్షుల వైపు నిలబడింది. పక్షులు గూళ్ళు పెట్టిన నెలల్లో దీపావళికి టపాకాయలు కాల్చకుండా ఉండే ఆనవాయితీ కూడా ఈ ప్రాంతంలో ఉంది.

1998లో చెరువు చుట్టూ 5 కిలోమీటర్ల పరిధిని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2022లో దీన్ని అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2020లో ఆ 5 కిలోమీటర్లను 3కు తగ్గించాలనే ప్రతిపాదన వచ్చినప్పుడు పక్షి ప్రేమికులు, శాస్త్రజ్ఞులు గట్టిగా వ్యతిరేకించారు. చెరువు అంతే ఉంటుంది కదా, చుట్టుపక్కల తగ్గితే ఏమని మీరు అడగవచ్చు. జవాబు కట్ట మీద అరగంట నిలబడితే దొరుకుతుంది. పక్షులు పడుకునేది, గూడు కట్టేది ఈ చెరువులో. మేతకు మాత్రం చుట్టుపక్కల ఊళ్ళ పొలాలకు, చెరువులకు వెళ్తాయి. పడకగదిని ఉంచి వంటిల్లు తీసేస్తే ఆ ఇంట్లో ఎవరు కాపురం ఉంటారు?

మొదటి పాఠం: ఎగిరేటప్పుడు మెడ చూడండి

ఉదయం ఆరు గంటలకల్లా కట్ట మీద ఉండాలి. ఎండ ఎక్కకముందే పక్షులు మేతకు బయలుదేరుతాయి. దూరం నుండి చూస్తే అన్నీ కొంగలే అనిపిస్తాయి. అప్పుడు రంగు చూడకండి, మెడ చూడండి. మెడను ముందుకు చాచి ఎగిరితే అది ఎర్రకాళ్ళ కొంగ, గుల్లకొంగ, తెల్ల కంకణం, గరిటెమూతి కొంగ వీటిలో ఒకటి. మెడను వెనక్కి మడిచి, భుజాల మధ్య దాచుకుని ఎగిరితే అది పొలాల్లో కనిపించే మామూలు తెల్ల కొంగ, నారాయణ పక్షి లేక చింతవక్క. ఈ ఒక్క గుర్తుతో సగం పని అయిపోతుంది.

రెండవ పాఠం: ఒకే నీరు, వేరు వేరు ముక్కులు

ఇన్ని జాతులు ఒకే చోట పోట్లాడుకోకుండా ఎలా బతుకుతున్నాయి? ఒక్కొక్కటి మేత వెతికే తీరు చూడండి.

ఎర్రకాళ్ళ కొంగ ముక్కును కొద్దిగా తెరిచి నీళ్ళలో పెట్టి అటూ ఇటూ ఊపుతుంది. చేప తగలగానే ముక్కు టక్కున మూసుకుంటుంది. అది కంటితో కాదు, స్పర్శతో పట్టే వేట. నారాయణ పక్షి ఇందుకు పూర్తిగా వేరు. కదలకుండా నిలబడి, కళ్ళతో గురి చూసి ఒక్క పోటు పొడుస్తుంది. గరిటెమూతి కొంగకు ముక్కు చివర వెడల్పుగా, మన వంటింటి గరిటెలా ఉంటుంది. లోతు లేని నీటిలో దాన్ని తిప్పుతూ చిన్న పురుగులను పడుతుంది. తెల్ల కంకణం వంగిన ముక్కుతో బురదలో కెలుకుతుంది. గూడబాతుకు కింది ముక్కు నుండి తోలుసంచి వేలాడుతుంది. అది చేపలను వలలా తోడుకుని, నీళ్ళు వదిలేసి మింగుతుంది. నీటికాకి నీళ్ళలో మునిగి చేపను తరుముతుంది. దాని ఈకలు నీటికి తడుస్తాయి. అందుకే బయటికి వచ్చాక కొమ్మ మీద రెక్కలు చాచి, ఉతికిన బట్ట ఆరేసినట్టు ఆరబెట్టుకుంటుంది. చింతవక్క పగలంతా కునుకు తీసి, మిగిలినవి ఇల్లు చేరే వేళకు మేతకు బయలుదేరుతుంది.

లోతు వేరు, సమయం వేరు, ఆహారం వేరు, పట్టే విధం వేరు. వనరులను పంచుకోవడం అని మీ పుస్తకంలో ఉన్న మాటకు అర్థం ఇదే.

మూడవ పాఠం: చూసినది రాయండి

ఒక ఏడు తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె గుల్లకొంగలను చాలాసేపు చూసి అడిగింది: "సార్, గుల్లకొంగ ముక్కు మధ్యలో సందు ఉంటుందన్నారు. ఆ కొమ్మ మీద ఉన్న రెండింటికి సందు లేదు. అవి వేరే జాతా?"

నేను జవాబు చెప్పలేదు. "ముందు చూసింది చూసినట్టు రాయమ్మా. ఆ రెండూ ఏం చేస్తున్నాయో కూడా రాయి" అన్నాను. పది నిమిషాల తరువాత నోటుబుక్కు తెచ్చి చూపించింది. "రెండూ గూడు వదలడం లేదు. పెద్దది రాగానే నోరు తెరుస్తున్నాయి" అని రాసింది. వెంటనే తనే అంది: "సార్, అవి పిల్లలు!"

అదే నిజం. గుల్లకొంగ పిల్లలకు ఆ సందు ఉండదు. వయసు పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. నత్తగుల్లలో నుండి మెత్తని మాంసాన్ని లాగి తినడం ఈ పక్షి ప్రత్యేకత. ఆ అమ్మాయి జవాబును పుస్తకంలో చదివి ఉంటే పరీక్ష దాకా గుర్తుండేది. తను చూసి, రాసుకుని, తేల్చుకున్నది కనుక అది తన సొంతమైంది. శాస్త్రం చదవడమంటే ఇదే.

సెలవు తీసుకునే చుట్టాలు

చెరువులో తేలే బాతులను కూడా గమనించండి. తోక సూదిలా పొడుగ్గా ఉంటే అది సూదితోక బాతు. ఉత్తర ఆసియా, ఐరోపా ప్రాంతాలలో చలికాలం నీళ్ళు గడ్డకడతాయి కనుక అది ఇంత దూరం వస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరిగి ఉత్తరానికి పోతుంది. దాని గూడు అక్కడే. ఇక్కడ పుట్టి పెరిగే గూడబాతుకు, అతిథిగా వచ్చే ఈ బాతుకు ఒకే చెరువు ఆధారం. మన చెరువు ఎండితే నష్టపోయేది మన ఊరి పక్షి ఒక్కటే కాదు.

పేర్లు ఎవరి దగ్గర ఉన్నాయి?

మనలాగ తరాల క్రితం తెలుగునాడు వదిలి వచ్చినవారికి ఈ సంగతి ముఖ్యం. మా పిల్లలు పక్షుల పేర్లు ఇంగ్లీషులో చక్కగా చెబుతారు, తమిళంలో కొన్ని చెబుతారు. తెలుగులో అడిగితే అన్నిటికీ ఒకటే పేరు, కొక్కెర! ఒకసారి ఒక అబ్బాయితో వాళ్ళ అవ్వ కూడా వచ్చారు. ఆమె బడికి వెళ్ళినవారు కారు. కట్ట మీద కూర్చుని, ఎవరూ అడగకుండానే, "అదిగో నీటికాకి, ఇదిగో చింతవక్క, ఆ బూడిద రంగుది నారాయణ పక్షి నాయనా" అని వరుసగా చెప్పుకుపోయారు. మనవడు నోరు తెరుచుకుని విన్నాడు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అవ్వా?" అంటే, "నువ్వెప్పుడు అడిగితివిరా?" అన్నారు ఆమె.

ఇవి ఊసుపోక చెప్పుకునే మాటలు కావు. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ అనే ఇంగ్లీషు పండితుడు 1862-64లో వెలువరించిన భారతదేశ పక్షుల గ్రంథంలో శాస్త్రీయ నామాల పక్కన మన తెలుగు పేర్లను కూడా రాసి పెట్టాడు. ఆయన పేరుతోనే లోకానికి తెలిసిన ఒక పక్షిని మనవాళ్ళు కలివి కోడి అంటారు. 1900 తరువాత శాస్త్రజ్ఞులకు కనబడక అది అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో, దాన్ని ఎరిగిన స్థానికుల సాయంతోనే మళ్ళీ దొరికింది. పేరు నిలిస్తే ఆ పక్షిని చూసే కన్ను కూడా నిలుస్తుంది.

మీరున్న చోట

ఈ పాఠానికి అందరూ వేడందాంగల్ రానక్కరలేదు. కర్ణాటకలో ఉన్నవారికి శ్రీరంగపట్టణం దగ్గర రంగనతిట్టు, మద్దూరు తాలూకాలో ఊరి చెట్ల మీదే గూడబాతులు గూళ్ళు కట్టే కొక్కరె బెళ్ళూరు ఉన్నాయి. ఒడిశా వారికి చిలికా సరస్సులో నలబన దీవి, ఒకప్పటి వేటగాళ్ళే కాపలాదారులైన మంగలాజోడి ఉన్నాయి. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా నాందూర్ మధ్మేశ్వర్, యానాం వారికి పక్కనే కోరింగ మడ అడవులు. ఇవేవీ దగ్గర లేకపోతే మీ ఊరి చెరువు చాలు.

అభ్యాసం

1. ఫాల్గుణ మాసంలో నాలుగు ఆదివారాలు, ఉదయం ఒక గంట, ఒకే చోట నిలబడి చూడండి. తేదీ, సమయం, ఎండ లేక మబ్బు రాయండి.

2. పక్షి పరిమాణాన్ని మీకు తెలిసిన పక్షితో పోల్చండి: పిచ్చుకంత, కాకంత, కోడంత. ఆ తరువాత ముక్కు, కాళ్ళు, ఎగిరే తీరు రాయండి. పేరు చివరికి వెతకండి.

3. గుంపును లెక్కించడానికి ముందు పది పక్షులను లెక్కపెట్టి, అవి ఆక్రమించిన చోటును కంటితో కొలుచుకోండి. గుంపు అలాంటివి ఎన్ని ఉందో చూసి పదితో హెచ్చవేయండి.

4. మూడు పక్షుల పేర్లు ఇంట్లో పెద్దవారిని అడిగి తెలుగులో రాయండి. ఎవరు చెప్పారో కూడా రాయండి.

5. గూళ్ళ దగ్గరకు పోవద్దు. గట్టిగా అరవవద్దు. ఫోనులో పక్షి కూతలు వినిపించి వాటిని పిలవవద్దు.

ఈ లెక్కలను ఈ-బర్డ్ అనే ఉచిత వేదికలో నమోదు చేస్తే పరిశోధకులకు కూడా పనికి వస్తాయి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పక్షుల గణనలో విద్యార్థులెవరైనా పాల్గొనవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట

పక్షులను చూస్తే ఉద్యోగం వస్తుందా అని కొందరు నన్ను అడుగుతారు. ఆసక్తి నిలిస్తే ఆ దారీ ఉంది. దెహ్రాదూన్‌లోని భారతీయ వన్యప్రాణి సంస్థలోనూ, తమిళనాడులోనే మయిలాడుదురై ఏ.వి.సి. కళాశాలలోనూ వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ ఉంది. అటవీ శాఖ పరీక్షలూ ఉన్నాయి. ఆ దారిలో వెళ్ళని బిడ్డకు కూడా ఓపికగా చూడడం, ఉన్నది ఉన్నట్టు రాయడం అలవడతాయి. ఏ చదువుకైనా అవి పెట్టుబడే. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు కొనివ్వండి. ఒక ఆదివారం ట్యూషన్ మాన్పించి, ఇంట్లో ఉన్న అవ్వనో తాతనో తోడిచ్చి పంపండి.