రెండు కాలాల ఛాంపియన్లు ఒకే రింగులో దిగితే?

సాయంత్రం పూట కంకిపాడు సెంటర్లో ఏ టీ కొట్టు దగ్గరైనా పది నిమిషాలు నిలబడండి. సచిన్ గొప్పా, కోహ్లీ గొప్పా? ఆ రోజుల హీరో ఇప్పుడొస్తే ఈ హీరోలు ఆగుతారా? టీ చల్లారుతుంది గానీ వాదన చల్లారదు. అదే వాదనని ఈసారి బాక్సింగ్ రింగులోకి తీసుకెళ్ళి, మనకొచ్చిన లెక్కలతో కాస్త పరీక్షించి చూద్దాం.

మన ప్రశ్న ఇదీ. 2006లో మూడో ప్రపంచ టైటిల్ గెలిచిన మేరీ కోమ్‌కి అప్పుడు దాదాపు 24 ఏళ్ళు. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కి అప్పుడు 25. ఇద్దరూ ఆ వయసుల్లోనే ఎదురుపడితే ఎవరు గెలుస్తారు?

కొలిచే ఆట, తలపడే ఆట

సంక్రాంతికి మన జిల్లాలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసే ఉంటారు. బండ బరువు తెలుసు, ఇచ్చిన సమయం తెలుసు, ఎన్ని అడుగులు లాగాయో కొలుస్తారు. అందుకే పాతికేళ్ళ కిందటి జతని ఈ ఏటి జతతో పోల్చొచ్చు. నేల తడి, ఎండ లాంటి తేడాలున్నా, మధ్యలో బండ అనే కొలమానం ఒకటుంది. బండ ఎదురు తిరగదు, ఎత్తు మార్చదు.

బాక్సింగ్‌లో ఆ బండ లేదు. ఎదురుగా ఉన్నది ఇంకో మనిషి. నా పంచ్ ఎంత మంచిదన్నది నువ్వు ఎంత బాగా తప్పుకుంటావన్న దాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి గెలుపు అనేది ఒక్కరి గుణం కాదు, ఆ రోజు ఆ ఇద్దరి మధ్య పుట్టిన ఫలితం. మన కష్టమంతా ఇక్కడే మొదలవుతుంది.

కంప్యూటర్ చెప్పిన తీర్పు

ఈ ప్రశ్నని కంప్యూటర్‌కి అప్పగించే పని ఎప్పుడో జరిగింది. 1967లో అమెరికాలో మర్రీ వోరోనర్ అనే రేడియో నిర్మాత 16 మంది హెవీవెయిట్ బాక్సర్ల వివరాలు ఎన్‌సీఆర్ 315 కంప్యూటర్‌కి ఎక్కించి, అది చెప్పిన ఫలితాలని రేడియోలో కామెంటరీగా వినిపించాడు. ఫైనల్లో రాకీ మార్సియానో గెలిచాడు. ముహమ్మద్ అలీ అయితే జిమ్ జెఫ్రీస్ చేతిలో ముందే ఓడిపోయాడు! అలీకి ఒళ్ళు మండి కోర్టుకెక్కాడు.

చివరికి రాజీ కుదిరి 1969లో అలీ, మార్సియానోలని నిజంగానే రింగులోకి దింపి సినిమా తీశారు. మార్సియానో రిటైరై అప్పటికి 13 ఏళ్ళు. బరువు తగ్గి, విగ్గు పెట్టుకుని మరీ దిగాడు. ఎవరు గెలిచినా పనికొచ్చేలా రకరకాల ముగింపులు తీసి పెట్టుకున్నారు, అలీ గెలిచేది కూడా. షూటింగ్ అయిన కొద్ది వారాలకే, ఆగస్టు 31న, మార్సియానో విమాన ప్రమాదంలో చనిపోయాడు. 1970 జనవరి 20న థియేటర్లలో వేస్తే అమెరికా ప్రేక్షకులు చూసింది 13వ రౌండ్లో మార్సియానో నాకౌట్ విజయం.

దీన్ని కంప్యూటర్ తీర్పు అనొచ్చా? కంప్యూటర్‌కి ఎవరి ఏ గుణానికి ఎన్ని మార్కులివ్వాలో చెప్పింది మనుషులే కదా.

మనమూ ఒక లెక్క వేద్దాం

మేరీ ఒక్కో రౌండ్ గెలిచే సంభావ్యత 0.55 అనుకుందాం. మూడు రౌండ్లలో కనీసం రెండు గెలవాలి. లెక్క వేస్తే బౌట్ గెలిచే అవకాశం సుమారు 57 శాతం. అదే 0.45 అనుకుంటే సుమారు 43 శాతం. అంటే మన ఊహ కొంచెం అటూ ఇటూ జరిగితే చాలు, విజేత మారిపోతుంది. ఆ 0.55 ఎక్కడ నుంచి వచ్చింది? మన అభిమానం నుంచి.

సిమ్యులేషన్‌ని 10,000 సార్లు నడిపినా కొత్త జ్ఞానం రాదు, మనం పెట్టిన 0.55నే తిప్పి చూపిస్తుంది. మినప్పిండి పోసి ఎన్ని వాయిలు దింపినా ఇడ్లీలే వస్తాయి, జిలేబీలు రావు.

ఏ తూకం? ఏ రూల్స్?

సరే, 0.55ని కాస్త జాగ్రత్తగానే అంచనా వేద్దామంటే ముందు రెండు తేల్చుకోవాలి. మొదటిది తూకం. 2006లో మేరీ పోటీ చేసింది 46 కిలోల విభాగంలో. 2022లో నిఖత్ 52 కిలోలు. 6 కిలోలే కదా అనుకోకండి, 46లో అది 13 శాతం. ఎవరో ఒకరు తమది కాని బరువులో దిగాల్సిందే.

రెండోది రూల్స్. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రాయ్ జోన్స్ జూనియర్‌కి జరిగిన అన్యాయం తర్వాత, జడ్జీలు తగిలిన పంచ్‌కి బటన్ నొక్కే ఎలక్ట్రానిక్ పద్ధతి తెచ్చారు. అందులో శుభ్రంగా తగిలిన పంచ్‌ల లెక్కే ముఖ్యం. 2013లో దాన్ని తీసేసి, రౌండ్ మొత్తం మీద ఎవరిది పైచేయో చూసి 10 పాయింట్లిచ్చే పద్ధతి పెట్టారు. సమయమూ మారింది. 2012 లండన్‌లో మేరీ కాంస్యం గెలిచినప్పుడు మహిళలకి 2 నిమిషాల రౌండ్లు నాలుగు. ఇప్పుడు 3 నిమిషాల రౌండ్లు మూడు. ఏ రూల్స్ పెడదామన్న దగ్గరే సగం ఫలితం తేలిపోతుంది.

ఇద్దరితోనూ ఆడినవాళ్ళు

రెండు కాలాలకీ మధ్య వంతెన వేయాలంటే ఇద్దరితోనూ తలపడినవాళ్ళని వెతకాలి. అదృష్టం కొద్దీ ఉన్నారు. థాయ్‌లాండ్ బాక్సర్ జుటామస్ జిట్‌పాంగ్‌ని మేరీ 2019 ప్రపంచ పోటీల్లో 5-0తో, నిఖత్ 2022 ఫైనల్లో 5-0తో ఓడించారు. సమానం! కొలంబియా బాక్సర్ ఇంగ్రిట్ వాలెన్సియాని మేరీ 2019లో 5-0తో గెలిచింది, కానీ 2021 టోక్యో ఒలింపిక్స్‌లో 2-3తో ఆమె చేతిలోనే ఓడింది. నిఖత్ 2023లో అదే వాలెన్సియాని 5-0తో గెలిచింది. కాబట్టి నిఖతే గొప్పా? తొందరపడకండి. రెండేళ్ళు కూడా తిరగకుండానే అదే ఇద్దరి మధ్య ఫలితం తలకిందులైంది. వంతెన ఉంది గానీ, దాని స్తంభాలే కదులుతున్నాయి.

చదరంగంలో ఈ పనిని ఈలో రేటింగ్ చేస్తుంది. 200 పాయింట్ల తేడా ఉంటే పైవారికి సుమారు 76 శాతం స్కోరు వస్తుందని దాని అంచనా. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2007లో 2600 దాటి, జూడిత్ పోల్గార్ తర్వాత ఆ గీత దాటిన రెండో మహిళ అయింది. అయితే ఆ 2600 కూడా అప్పటి ఆటగాళ్ళ మధ్య ఆమె స్థానమే. కాలాలన్నిటికీ కలిపి కొలిచే బండ అక్కడా లేదు.

నిజంగా జరిగిన మ్యాచ్

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఇద్దరూ నిజంగానే తలపడ్డారు. 2019 మేలో గువాహటి ఇండియా ఓపెన్‌లో మేరీ 4-1తో గెలిచింది. ఆ ఏడు ప్రపంచ పోటీలకి 51 కిలోల విభాగంలో ట్రయల్ పెట్టకుండానే మేరీని పంపారు. ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కీ అదే జరిగేలా కనిపించేసరికి, అక్టోబరులో నిఖత్ క్రీడల మంత్రి కిరెన్ రిజిజుకి లేఖ రాసింది. ఆమె అడిగింది టికెట్టు కాదు, ఒక్క బౌట్. చివరికి డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. 37 ఏళ్ళ మేరీ 23 ఏళ్ళ నిఖత్‌ని 9-1తో ఓడించింది.

"చూశారా, ముందే చెప్పాం కదా, ఇంత దానికి ట్రయల్ ఎందుకు?" అని అనొచ్చు. నాకు మాత్రం అక్కడే ఈ చర్చకంతటికీ జవాబు కనిపిస్తుంది. ట్రయల్ లేకుండా మేరీని పంపడమంటే అధికారులు తమ బుర్రల్లో ఒక ఊహా మ్యాచ్ నడిపి, దాని ఫలితాన్ని నిజం కింద రాసేసుకోవడమే. ఆ అంచనా సరైనదే అయింది. అయినా బౌట్ జరగాల్సిందే. ఎందుకంటే ఊహా మ్యాచ్‌లో ఓడినవాళ్ళకి తాము ఎక్కడ ఓడామో తెలియదు, గెలిచినవాళ్ళకి గెలిచామన్న తృప్తీ ఉండదు. రింగులో ఓడిన నిఖత్ చేతికి, దిద్దుకోవడానికి తొమ్మిది నిమిషాల నిజం దొరికింది. 2022లోనూ 2023లోనూ ఆమె ప్రపంచ ఛాంపియన్.

టీ కొట్టు దగ్గర ఊహా మ్యాచ్‌లు ఆడుకోండి, సరదాగా ఉంటుంది. తూకమెంత, రూల్స్ ఏవి, ఆ నంబరు ఎవరు పెట్టారు అని అడుగుతూ ఆడితే ఇంకా సరదా. కానీ ఫెస్ట్ టీమ్‌కైనా, కోడింగ్ కాంటెస్ట్‌కైనా, దేశం తరఫున ఒలింపిక్స్‌కైనా మనిషిని ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు, "సీనియర్ ఉన్నాడుగా, వాడే గెలుస్తాడులే" అని ఊహతో సరిపెట్టకండి. ఇద్దరూ మన కాలంలోనే, మన కళ్ళ ముందే ఉన్నప్పుడు ఊహించాల్సిన పనేముంది? బరిలోకి దింపితే సరి.