సర్వరుల అమరిక: వ్రాసిన పట్టీ ప్రకారము యంత్రమే చేయు పద్ధతి

పంచాయతీల పద్దులు, ప్రణాళికలు నేడు కాగితపు పుస్తకములందే గాక కంప్యూటరులందును నిలుచుచున్నవి. 2020 ఏప్రిల్ 24వ తేదీన, జాతీయ పంచాయతీ రాజ్ దినోత్సవమున, ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్ ఇందుకు నిదర్శనము. కార్యాలయములోని కంప్యూటరుపై మనము చూచు పుట ఎక్కడనో యున్న వేరొక కంప్యూటరు నుండి వచ్చును. ఇట్లు అనేకులకు ఒకేసారి సేవ చేయు కంప్యూటరును సర్వరు అందురు. దానిని సిద్ధపరచు విధానమును సభ్యులు కొంత తెలిసికొనుట మంచిది.

సర్వరుపై జరుగు పని

సేవలో క్రొత్త సదుపాయము చేర్చినపుడు దాని ప్రోగ్రామును సర్వరుపై నిలిపి పని చేయించుటను డిప్లాయ్‌మెంటు అందురు. ప్రోగ్రాము ఒక్కటియే చాలదు. పుటలను అందించు వెబ్ సర్వరు, లెక్కలను భద్రపరచు డేటాబేసు, బయటి వారి రాకపోకలను అదుపు చేయు ఫైర్‌వాల్ - వీనిలో ప్రతిదానికి తగిన అమరిక కావలెను. కరెంటు పోయి వచ్చినపుడు ఏ సేవ తనంతట తాను మొదలు కావలెనో ముందే నిర్ణయింపవలెను. సర్వరు ఒక్కటియైనచో అనుభవము గలవాడు చేతితో చేయగలడు. అవి ఎనిమిదియైనచో అదే పనిని ఎనిమిది మార్లు, అదే వరుసలో, ఏమియు మరువక చేయవలెను.

ఒక్క సర్వరును మరచిన ఫలితము

అమెరికాలో నైట్ క్యాపిటల్ అను సంస్థ వాటాల క్రయవిక్రయములు జరుపుచుండెను. 2012 జూలై 27 మొదలు ఆ సంస్థ తన ఎనిమిది సర్వరులపై క్రొత్త ప్రోగ్రామును విడతలుగా పెట్టించెను. పనివారిలో ఒకరు ఒక సర్వరుపై దానిని పెట్టుట మరచిరి. ఆ పనిని రెండవవారు సరిచూడవలెనను నియమము అచట లేదు. ఆ ఎనిమిదవ సర్వరులో 2003 నుండి వాడుక మానిన పాత భాగము ఒకటి మిగిలియుండెను.

ఆగస్టు 1వ తేదీ ఉదయము విపణి తెరచినంతనే ఆ పాత భాగము మేల్కొని, ఆగకుండ ఆర్డరులు పంపసాగెను. విపణి తెరువక మునుపే లోపమును సూచించు 97 ఈ-మెయిళ్లు వచ్చియుండెను గాని, వానిని హెచ్చరికలుగా ఎవరును గ్రహింపలేదు. కారణము తెలియక పనివారు సరిగా నున్న ఏడు సర్వరుల నుండి క్రొత్త ప్రోగ్రామును తొలగింపగా కీడు మరింత పెరిగెను. సుమారు 45 నిమిషములలో సంస్థకు 46 కోట్ల డాలరులకు మించిన నష్టము వాటిల్లెను. 2013 అక్టోబరులో ప్రభుత్వ నియంత్రణ సంఘము 1 కోటి 20 లక్షల డాలరుల జరిమానా విధించెను.

పట్టీ వ్రాసి యంత్రమునకు ఒప్పగించుట

మనుష్యుని జ్ఞాపకముపై ఆధారపడిన పనిలో ఇట్టి పొరపాటు ఎప్పుడైనను జరుగవచ్చును. కావున చేయవలసిన పనులను పట్టీగా వ్రాసి, దానిని యంత్రముచేతనే అమలు జరిపించు సాధనములు ఏర్పడినవి. 1993లో ఓస్లో విశ్వవిద్యాలయమున మార్క్ బర్జెస్ సి.ఎఫ్.ఇంజన్‌ను రూపొందించెను. తరువాత 2005లో పప్పెట్, 2012లో ఆన్సిబుల్ వచ్చినవి.

ఆన్సిబుల్‌లో ముఖ్యముగా రెండు పట్టీలుండును. మొదటిది సర్వరుల జాబితా. రెండవది ప్లేబుక్, అనగా ప్రతి సర్వరు ఏ స్థితిలో నుండవలెనో తెలుపు పట్టీ. ఆజ్ఞ ఇచ్చినంతనే ఆ సాధనము జాబితాలోని సర్వరులన్నిటితో భద్రమైన మార్గమున సంబంధము పెట్టుకొని పని చేయును. ఏ సర్వరు ముందే సరిగా నున్నదో, ఏది మార్చబడినదో, ఏది విఫలమైనదో, ఏది అందలేదో విడివిడిగా తెలుపును. జాబితాలో నున్న సర్వరు చెప్పకుండ తప్పిపోవుటకు వీలుండదు.

"తొట్టిలో పది బిందెల నీరు పోయుము" అనుట ఒకటి, "తొట్టి నిండియుండవలెను" అనుట మరియొకటి. మొదటి ఆజ్ఞను రెండుమార్లు ఇచ్చినచో నీరు పొర్లిపోవును. రెండవ ఆజ్ఞను ఎన్నిమార్లు ఇచ్చినను కొరత యున్నంతమట్టుకే నీరు పోయబడును. ప్లేబుక్ రెండవ విధముగా వ్రాయదగినది.

జాగ్రత్తలు

పట్టీలో తప్పు దొర్లినచో ఆ తప్పు అన్ని సర్వరులకును ఒకేసారి ప్రాకును. కావున మొదట ఒక పరీక్షా సర్వరుపై నడిపి చూడవలెను. పట్టీని ఒకరు వ్రాయగా మరియొకరు సరిచూడవలెను. రహస్య పదములను బాహాటముగా అందు వ్రాయరాదు. ప్రోగ్రామును వెనుకటి రూపమునకు మార్చవచ్చును గాని, చెరిగిన లెక్కలను పట్టీ తిరిగి తేజాలదు. వాని ప్రతులను వేరొక చోట దాచుట అవసరము.

సభ్యులు అడుగదగిన ప్రశ్నలు

పంచాయతీ కొరకు వెబ్‌సైటు చేయించునపుడు గుత్తేదారును ఈ క్రింది విషయములు అడుగవచ్చును.

1. సర్వరు అమరిక పట్టీగా వ్రాయబడినదా? దాని ప్రతి పంచాయతీకి ఇత్తురా?

2. సర్వరు చెడిపోయినచో ఆ పట్టీతో క్రొత్తదానిని సిద్ధపరచి చూపగలరా?

3. మార్పు చేసిన తేదీ, చేసినవారి పేరు నమోదగునా?

4. మార్పు బెడిసినచో వెనుకటి స్థితికి మరలు మార్గమేది?

పట్టీ పంచాయతీ చేతిలో నున్నచో గుత్తేదారు మారినను సేవ నిలువదు. ఇంటి పన్ను రిజిస్టరును గుమాస్తా జ్ఞాపకమునకు విడువక పుస్తకమున వ్రాయించినట్లే, సర్వరు అమరికను కూడ వ్రాతలో నుంచుట గ్రామమునకు శ్రేయస్కరము.